ఎలుకకు వాంతి రాదు

ఈ సంగతి ముందే చెప్పాలి:
ఎలుకకు వాంతి రాదు.
గొంతుదాకా వచ్చినదాన్ని బయటికి తోసే దారి
దాని ఒంట్లో లేదు.
కడుపులో తిప్పితే అది మట్టి తింటుంది.

అందుకే రోజూ పొద్దున ఏడింటికి
లతీఫ్ సాబ్ గుట్ట మీద ఎండ ఇంకా లేతగా ఉండగానే
బోనుకో గిన్నె చొప్పున తెల్లసుద్ద బిళ్లలు తూచి పెడతాను.
మర్నాడు మిగిలింది తూస్తాను.
తగ్గిన గ్రాములే వికారం.
మా దగ్గర బాధకు తూనిక ఉంది,
రెండు దశాంశాల దాకా.

మందుకు ఇంకా పేరు లేదు. ఇరవై ఏడు అంటాం.
ఇంతియాజ్ సార్ బోర్డు మీద గీసి చెప్పింది
నాకు అర్థమైనంతలో ఇదీ:
కణం లోపల కబురు మోసే చిన్న అణువొకటి.
కొట్లాట చాలు, అన్నదే ఆ కబురు.
దాన్ని దారిలోనే తుంచేసే కత్తెర ఒకటి.
ఇరవై ఏడు వెళ్లి ఆ కత్తెర నోట్లో
చింతగింజలా ఇరుక్కుంటుంది.
కబురు చేరుతుంది.
ఊపిరితిత్తుల్లో గుమిగూడిన తెల్లకణాలు
కట్టెలు కింద పడేసి ఎవరింటికి వాళ్లు పోతాయి.

కానీ అదే కత్తెర
మెదడు అడుగున, వాంతిని కాపలా కాసే చోట కూడా ఉంది.
చింతగింజకు ఏ ఇల్లు ఎవరిదో తెలియదు.

ఎలుకలు పీల్చే ధూళి మిర్యాలగూడది.
మిల్లులో సైదమ్మే ఊడ్చి ఇచ్చింది, యూరియా సంచిలో సగానికి.
"గింత దుబ్బ ఏం జేస్కుంటవ్ బిడ్డా?
అడుగుతే నా ఛాతిలకెల్లి తీసిచ్చేదాన్ని గద"
అని నవ్వబోయి దగ్గింది.
నవ్వుకూ దగ్గుకూ నడుమ ఆమెకిప్పుడు గోడ లేదు.
ఇరవై రెండేళ్లు జల్లెడ కింద.
ఊక బాయిలరుకు, తవుడు లారీకి, బియ్యం బస్తాకు,
కంటికి కనబడనిది ఆమెకు.

నల్లగొండ పెద్ద దవాఖానలో ఆమెకు రాసింది
మా ఇరవై ఏడుకు మేనత్త వరసయ్యే పాత గోలీ.
పదిరోజులయ్యాక బస్సులో కలిసింది.
తిప్పర్తి దాటినంక అడిగాను, ఏస్కుంటున్నవా అని.

"దమ్ము తగ్గింది. అబద్ధమెందుకు.
గని బువ్వ జూస్తే కడుపుల దేవుతుంది.
ఉత్త దమ్ముతోటి చీపురు లేస్తదా బిడ్డా, తిండి గావాలె గద.
సగం దినాలు ఏస్తలేను. డాక్టర్ సారుకు చెప్పకు."

కొంగు ముడి విప్పింది, చిల్లర వెతుక్కోడానికి.
ఒక జీరో టికెట్టు, రెండు రూపాయల బిళ్లలు,
కొస కొరికిన పలక బలపం.

నేను బలపాన్ని చూశాను.
నేను చూడటం ఆమె చూసింది.
"మనుమరాలిది" అంది.
వేములపల్లిలో ఎవరో మేకపిల్లతో ఎక్కారు,
మాట మేకపిల్ల మీదికి పోయింది.

నెలాఖరుకు గ్రాఫు గీశాం.
ఛాతీ నెమ్మదించే గీత ఒకటి,
సుద్ద తరిగే గీత ఒకటి.
రెండూ ఒకే మోతాదు దగ్గర లేచాయి,
ఒకే కాడికి కట్టిన ఎడ్లలాగ.
సార్ చాలాసేపు కళ్లద్దాలు తుడిచాడు.
"మింగించడం మానేద్దాం. పీల్పిద్దాం.
ధూళి ఏ దారిన పోయిందో మందూ ఆ దారినే పోనీ.
నెత్తుట్లో పడకుండా, మెదడుకు ఎక్కకుండా
అక్కడే, ఆ తిత్తుల్లోనే ఆగుద్దేమో చూద్దాం."

ఏమో అన్న మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఇవాళ మూడో పొద్దు.
మందును పొగమంచులా విడిచే పెట్టె కడిగి ఎండకు పెట్టాను.
నాలుగో బోను గిన్నె నిన్నటి బరువే.
ఆరోది కూడా.
తొమ్మిదోది కాదు. పాయింట్ మూడు ఒకటి తరిగింది,
మూతికి ఇంకా తెల్లగా అంటుకునే ఉంది.

మూడూ రాశాను.
కొస కొరికిన బలపం ఎంత తూగుతుందో
ఏ గడిలో రాయాలో తెలియక
పెన్ను మూత పెట్టలేదు.